ఏ దిక్కునకు పోవుదుము?

"ఉన్న ఊరు కన్నతల్లి" అన్నది మన తెలుగువారి నానుడి. తెలుగు పాఠం చెప్పే వృత్తిలో ఉన్నందున ఈ నానుడిని తరగతి గదిలో అనేక పర్యాయాలు వివరించవలసి వచ్చింది. అలా వివరించిన ప్రతిసారీ మా మనస్సులో ఒక ప్రశ్న తలెత్తేది. ఊరే లేకుండా పోయినవాని మాట ఏమిటి? ఊరు ఉన్నప్పటికీ అందులో నిలువనీయక తరిమివేయబడినవాని మాట ఏమిటి? తల్లిని కోల్పోయిన బిడ్డను అనాథ అంటాము, చేరదీస్తాము. ఊరిని కోల్పోయినవానిని ఏమంటాము? అతనిని చేరదీయవలసిన బాధ్యత ఎవరిది?

కళాశాల వార్షిక సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసిందిగా సంపాదకవర్గంవారు కోరినప్పుడు ఈ ప్రశ్ననే విషయంగా స్వీకరించాము. గత కొన్ని సంవత్సరాలుగా నిర్వాసితుల పక్షాన, శరణార్థుల పక్షాన మాకు చేతనైన కొద్దిపాటి పని చేస్తున్నాము. "పాఠాలు చెప్పుకొనక ఈ పని మీకెందుకు?" అని మిత్రులు అడుగుతూ ఉంటారు. అందుకు సమాధానం మా పెంపకంలో కొంత, మేము చదివిన భాషలలో కొంత, తిరిగిన దారులలో కొంత ఉన్నది. విద్యార్థి మిత్రులకు కొంచెమైనా ఉపయోగపడుతుందనే నమ్మికతో ఆ మూడింటినీ వరుసగా మనవి చేస్తాము.

మా తండ్రిగారు బస్సు కండక్టరు. మేము పుట్టింది గద్వాలలో, బడికి పోయింది వనపర్తిలో, ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నది నాగర్‌కర్నూలులో. ఈ మూడు పట్టణాలూ 2016 అక్టోబరులో మూడు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. మా చిన్ననాడు అంతా ఒక్కటే మహబూబ్‌నగరు జిల్లా, జనం నోట పాలమూరు. కృష్ణకు ఇటు ఒక బంధువు, అటు ఒక బంధువు. బాల్యంలో మాకు అత్యంత ప్రీతిపాత్రమైన ఇల్లు మాత్రం కొల్లాపూరు వైపున రోడ్డు ప్రక్కనున్న ఒక కాలనీలోని మా నానీగారిది. ఆ ఇంటికి ఒక వింత ఉండేది. గోడలు పొట్టివి, పైన రేకులు. కాని ద్వారబంధం మాత్రం నిలువెత్తు టేకుది, చెక్కడపు పని గలది. పొట్టి గోడలో పొడుగు ద్వారబంధం ఇమడక దాని కాళ్లను రెండు జానల లోతున భూమిలో పాతారు. లోపలికి పోయేవారు తల వంచవలసిందే. ఇంత మంచి దర్వాజాను ఇలా ఎందుకు పాతారని అడిగితే నానీ ఒక్కటే మాట అనేది: "బేటా, ఇది ఈ ఇంటిది కాదు. వేరే ఇంటిది."

ఆ వేరే ఇల్లు శ్రీశైలం జలాశయం అడుగున ఉన్నది.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో అప్పటి ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. నిర్మాణం సుమారు రెండు దశాబ్దాలు సాగింది. కృష్ణా తుంగభద్రల తీరాన కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలలో నూటికి పైగా గ్రామాలు ముంపునకు గురి అయ్యాయి. లక్షమందికి పైగా జనం ఊళ్లు విడిచారు. భూమికి భూమి లభించలేదు. 1894 నాటి భూసేకరణ చట్టం క్రింద లెక్కగట్టిన నగదు లభించింది. మాగాణి రైతు చేతికి రొక్కం వస్తే అది ఎన్నాళ్లు నిలుస్తుందో పల్లెటూరివారికి వేరే చెప్పనక్కరలేదు. 1981లో గ్రామాలను ఖాళీ చేయించే పని వేగంగా సాగింది. ఇళ్లు కూల్చారు. జనం వాసాలు, దూలాలు, తలుపులు బండ్లకెత్తుకొని మెరకకు చేరుకొన్నారు. మా నానీ ఇంటి ద్వారబంధం ఆ బండిలో వచ్చినదే. మా జననం ఆ తరువాత ఏడెనిమిదేండ్లకు. కనుక ఆ ఊరిని మేము చూడలేదు. కాని ఆ ఊరి బావులెన్నో, చింతచెట్లెన్నో, పీర్ల చావిడి ముందు అలావా గుండం ఎంత లోతో మాకు కంఠస్థం.

పీర్ల పండుగ ఆ ఊరిలో అందరి పండుగ. పీరును ఎత్తుకొనేవారిలో ముస్లిములకన్న ఇతరులే ఎక్కువ అని నానీ చెప్పేది. ఊరు ఖాళీ చేసేనాడు పీర్లను పెట్టెలో పెట్టి మొదటి బండిలో పంపారట. చావిడి మునిగింది. కాలనీలో మళ్లీ చావిడి కట్టడానికి పదేళ్లు పట్టింది. కట్టినవారిలో బోయలు, గొల్లలు, మాదిగలు, దూదేకులవారు అందరూ ఉన్నారు. ఒక ఊరు అంటే ఇండ్ల సముదాయం మాత్రమే అయితే, నష్టపరిహారం చదరపు గజాలలో లెక్క గట్టవచ్చు. పదేండ్ల పాటు చావిడి లేని పండుగను ఏ కొలతతో లెక్క గట్టాలి?

షబె బరాత్ నాడు ముస్లిములు ఖబరస్తానుకు పోయి పెద్దల గోరీల వద్ద ఫాతిహా చదవడం ఆచారం. మా తాతగారి గోరీ నీటి అడుగున ఉన్నది. నానీ ఆ రాత్రి కొంగున గులాబీరేకులు కట్టుకొని నీటి ఒడ్డున నిలిచి, గాలి ఎటు వీస్తే అటు చల్లేది. నీరు బాగా దిగిన ఎండాకాలం వస్తే, బురద ఆరిన చోట పాతగోడల మొదళ్లు బయటపడేవి. అప్పుడు పిల్లలమైన మమ్ములను వెంటబెట్టుకొని పోయి "ఇది పోశమ్మ గుడి, ఇది మసీదు మెట్టు, ఇది మీ అమ్మ పుట్టిన గది" అని కాలితో గీత గీచి చూపేది. చరిత్ర పాఠం మేము మొదట నేర్చింది ఆ బురదనేల మీదనే.

మరొక దృశ్యం కూడా ఇక్కడ చెప్పవలసి ఉన్నది. సెలవులలో మా తండ్రిగారు మమ్ములను అలంపురం తీసికొనిపోయేవారు. అక్కడ బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మాలయాలు, జోగులాంబ ఆలయం, వాటిని ఆనుకొని షా అలీ పహిల్వాన్ దర్గా ఉన్నాయి. కృష్ణా తుంగభద్రల సంగమాన కూడవెల్లిలో ఉండిన సంగమేశ్వరాలయం ముంపునకు గురి కానుండగా, పురావస్తు శాఖవారు దానిని రాయి రాయిగా విప్పి, అలంపురంలో తిరిగి నిలిపారు. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయాన్ని కూడా అట్లే మెరకకు తరలించారు. ఏ రాయి ఏ రాతి ప్రక్కన ఉండవలెనో గుర్తులు పెట్టుకొని మరీ కట్టారని అలంపురంలో పెద్దలు చెప్పగా విని ఆశ్చర్యపోయాము. అది మెచ్చదగిన పని. ఆ శిల్పసంపద నీటి పాలు కాకుండా దక్కినందుకు ఈ ప్రాంతవాసులుగా మేము గర్విస్తున్నాము. కాని అక్కడ నిలుచున్నప్పుడు మా తండ్రిగారు మెల్లగా అన్న మాట మరువలేము: "రాళ్లను ఎంత శ్రద్ధగా లెక్కపెట్టారో చూడు. మీ నానీ కాలనీలో ఎవరి ప్రక్క ఎవరి ఇల్లు ఉండేదో ఎవరూ అడగలేదు." తండ్రిగారిది పెద్ద చదువు కాదు. అయినా పునరావాసం అంటే ఏమిటో ఇంతకన్న స్పష్టంగా చెప్పిన గ్రంథం మేము తరువాత కూడా చదువలేదు.

ఇక భాష మాట. ఇంట దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు. వనపర్తి బడిలో తెలుగు మాధ్యమం, సాయంకాలం మసీదులో ఉర్దూ, అరబ్బీ అక్షరాలు. సంస్థానాల ప్రాంతం కావడం చేత ఇక్కడ సాహిత్యపు గాలి ఎప్పుడూ వీచేది. పండితులను ఆదరించిన ఖ్యాతి చేతనే గద్వాలకు "విద్వద్గద్వాల" అన్న పేరు వచ్చింది. వనపర్తి రాజప్రాసాదంలో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తున్నది. గద్వాల ప్రాంతంలో పుట్టి, గోలకొండ పత్రికను నడిపి, 1952లో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డిగారు తెలుగు, సంస్కృతంతో పాటు ఉర్దూ, ఫారసీలు కూడా ఎరిగినవారు. ఆయన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"కు 1955లో సాహిత్య అకాడమీ బహుమానం లభించింది. రాజుల యుద్ధాలను ప్రక్కకు పెట్టి, జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకొన్నారు, ఎట్లా బ్రతికారు అని అడిగిన గ్రంథమది. విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదివే రోజులలో ఆ గ్రంథం మాకు ఒక దారి చూపింది. మాటలలో జనుల చరిత్ర దాగి ఉంటుందని దానివల్లనే తెలిసింది.

ఒకనాడు గ్రంథాలయంలో నిఘంటువు తిరగవేస్తూ "కాందిశీకుడు" అన్న పదం వద్ద ఆగిపోయాము. 1947 దేశవిభజన నాటి తెలుగు పత్రికలు శరణార్థులకు విరివిగా వాడిన మాట ఇది. సంస్కృతంలో "కాం దిశం" అనగా "ఏ దిక్కునకు?" అని అర్థం. భయంతో పరుగెత్తుతూ, "ఏ దిక్కునకు పోవుదును?" అని అడిగేవాడు కాందిశీకుడు. పదమే ఒక ప్రశ్న. ఆ ప్రశ్న విన్నవాడు సమాధానం చెప్పక తప్పదు కదా! అచ్చ తెలుగు మాట "వలస" సంగతి చూడండి. ఈనాడు పాలమూరు కూలీ బొంబాయికి పోవడాన్ని వలస అంటున్నాము. కాని బ్రౌను దొర నిఘంటువులో ఆ మాటకు శత్రుసైన్యానికి జడిసి ఇల్లు వదలి పారిపోవడం అన్న అర్థం ఉన్నది. అంటే వలసలో మొదటి నుండీ భయం ఉన్నది, బలవంతం ఉన్నది.

ఉర్దూ మాటలు మరొక వైపు నుండి ఇదే కథను చెబుతాయి. ఇల్లు భుజాన వేసుకొని తిరిగేవాడు "ఖానా బదోష్". ఆశ్రయం పొందినవాడు "పనాహ్‌గుజీన్". హిజ్రత్ చేసినవాడు "ముహాజిర్". క్రీస్తు శకం 622లో మక్కా నుండి మదీనాకు జరిగిన హిజ్రత్ తోనే హిజ్రీ శకం ఆరంభమవుతుంది. ఆ వచ్చినవారిని ఆదుకొన్న మదీనావాసులకు "అన్సార్", అనగా సహాయకులు, అన్న గౌరవనామం దక్కింది. అంతకు పూర్వమే కొందరు ముస్లిములు ప్రాణభయంతో అబిసీనియాకు పోగా, అక్కడి క్రైస్తవ రాజు వారిని అప్పగించక కాపాడాడు. మన పురాణేతిహాసాలలో శరణు జొచ్చిన పావురానికై తన దేహమాంసాన్ని కోసి ఇచ్చిన శిబి ఉన్నాడు, శత్రువు తమ్ముడైన విభీషణునికి అభయమిచ్చిన రాముడు ఉన్నాడు. ఇంట వినిన కథలూ బడిలో చదివిన కథలూ ఈ ఒక్క విషయంలో ఏకగ్రీవంగా ఉండడం మాకు ఎంతో బలాన్నిచ్చింది.

భాషాధ్యయనం వల్ల మరొక ప్రయోజనం కలిగింది. అది పూర్తిగా లౌకికమైనది. తెలుగువాడు ప్రభుత్వంతో మాట్లాడే మాటలు చాలావరకు అరబ్బీ, ఫారసీల నుండి వచ్చినవి. అర్జీ, దరఖాస్తు, దస్తావేజు, రసీదు, మంజూరు, జప్తు, వకాల్తా అన్నీ అటువంటివే. ఫారసీలో "ఫర్యాద్" అంటే ఆక్రందన. అదే మన ఫిర్యాదు. అరబ్బీలో "హఖ్" అంటే సత్యమని కూడా అర్థం. అదే మన హక్కు. పాలమూరు రైతు నోట నానిన ఈ మాట ఎక్కడో దూరదేశంలో సత్యానికి మారుపేరు. కనుకనే హక్కును అడగడం యాచన కాదని విద్యార్థులకు చెబుతూ ఉంటాము. సత్యాన్ని ఒప్పుకొనవలసిందని ఎదుటివానిని కోరడమే హక్కును అడగడం.

ఈ చదువు కాగితాల మీద పరీక్షకు నిలిచిన సందర్భం ఒకటి వచ్చింది. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో మా నానీ కాలనీ నుండి ఒక వృద్ధుడు, చేపలు పట్టి జీవించేవాడు, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కాగితాలతో మా ఇంటికి వచ్చాడు. శ్రీశైలం నిర్వాసిత కుటుంబానికి ఒక్కరి చొప్పున ప్రభుత్వోద్యోగం కల్పించే ఉద్దేశంతో 1986లో 98వ నంబరు జీ.వో. వెలువడింది. దాని క్రింద అర్హుల జాబితాలో చేరడానికి ఆ కుటుంబం ఏండ్ల తరబడి తిరుగుతున్నది. ఒక కార్యాలయంలో వారి అర్జీని త్రోసిపుచ్చారు. కారణం చిన్నది. పాత రికార్డులో తండ్రి పేరు ఒక విధంగా, కొత్త రికార్డులో మరొక విధంగా ఉన్నది. ఇద్దరూ ఒకరే అని ఋజువేమిటి అన్నది వారి ప్రశ్న.

"సారూ, ఊరు మునిగింది, నిజమే. మా నాయిన పేరు గూడ మునిగిందా? జర సదివి చెప్పుండ్రి" అన్నాడు వృద్ధుడు.

విప్పి చూస్తే అది నిజాం కాలపు సేత్వార్ నకలు. గొలుసుకట్టు ఉర్దూ వ్రాత. ఉర్దూ లిపిలో హ్రస్వాచ్చులను సాధారణంగా వ్రాయరు. ఎ, ఏ, ఐ లకు వేర్వేరు గుర్తులు లేవు. ళ, ణ లకు అక్షరాలే లేవు. ఎల్లయ్య అన్న పేరును ఉర్దూలో వ్రాస్తే, దానిని తిరిగి తెలుగులోకి ఎత్తి వ్రాసేవాడు యల్లయ్య అనవచ్చు, ఇల్లయ్య అనవచ్చు, యాలయ్య అని కూడా అనవచ్చు. వ్రాసినవానిలో దోషం లేదు, చదివినవానిలో దురుద్దేశం లేదు. రెండు లిపుల నడుమ ఒక మనిషి జారి పడిపోయాడు. మేము రెండు రాత్రులు కూర్చుండి ఆ సేత్వారును, 1954–55 నాటి ఖాస్రా పహాణీని ప్రక్క ప్రక్కన పెట్టుకొని, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, అన్నదమ్ముల పేర్ల వరుస సరిపోలుస్తూ, ఆ పేరు తెలుగులో ఎన్ని విధాల మారగలదో అక్షరం అక్షరంగా వివరిస్తూ ఒక విన్నపం సిద్ధం చేశాము. ఎనిమిది నెలలకు ఆ కుటుంబం పేరు జాబితాలో చేరింది. ఉద్యోగం రాలేదు. వృద్ధుని కుమారునికి అప్పటికే వయోపరిమితి దాటిపోయింది. అయినా ఆ వృద్ధుడు జాబితా నకలును తెచ్చి, తండ్రి పేరు ఉన్న పంక్తిని మా చేత మూడు పర్యాయాలు చదివించుకొని, కాగితాన్ని కళ్లకద్దుకొని పోయాడు. నాటి నుండి ప్రతి ఆదివారం మా ఇంటి వసారాలో పాత కాగితాలు చదివిపెట్టడం ఆరంభించాము.

ప్రయాణాలు మా దృష్టిని జిల్లా ఎల్లలు దాటించాయి. ఒక సదస్సు నిమిత్తం విశాఖపట్నం పోయినప్పుడు కంచరపాలెం ప్రాంతంలో బర్మా క్యాంపు అన్న పేరు విని అటు పోయాము. కళింగాంధ్ర, గోదావరి తీరాల నుండి లక్షలాది తెలుగువారు ఒకప్పుడు బర్మాకు పోయి రంగూను రేవులో, ధాన్యపు మిల్లులలో పని చేశారు. కోరంగి రేవు నుండి పోయినందున అక్కడివారు మన తెలుగువారిని "కోరంగీలు" అనేవారు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీల సమ్మె సందర్భంగా చెలరేగిన అల్లర్లలో ఎందరో ప్రాణాలు కోల్పోయారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడిన పిమ్మట అడవులు, కొండలు దాటి కాలినడకన జనం స్వదేశానికి బయలుదేరారు. దారిలో ఆకలికి, జ్వరాలకు రాలిపోయినవారు అనేకులు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చి వ్యాపారాలను జాతీయం చేసిన తరువాత మరి కొన్ని లక్షల మంది భారతీయులు తిరిగి రావలసి వచ్చింది. ఆ వచ్చినవారికి ఏర్పడిన వాడలే బర్మా క్యాంపులు, బర్మా కాలనీలు. పుట్టిన దేశంలో పరాయివారు, పూర్వుల దేశంలో కొత్తవారు. మన తెలుగువారు కూడా కాందిశీకులైన రోజులు ఉన్నాయని పాఠ్యపుస్తకాలు మాకు చెప్పలేదు. ఆ వీధులే చెప్పాయి.

అదే బర్మా నుండి, ఇప్పటి మ్యాన్మార్ నుండి, ఈనాడు వచ్చినవారు రోహింగ్యాలు. 1982 నాటి పౌరసత్వ చట్టం వారిని ఆ దేశపు పౌరులుగా గుర్తించలేదు. 2017 ఆగస్టు నుండి కొద్ది నెలలలోనే ఏడు లక్షల మందికి పైగా అరకాను విడిచి బంగ్లాదేశ్ చేరారు. అంతకు ముందు నుండే కొన్ని వేలమంది మన హైదరాబాదుకు వచ్చి బాలాపూరు పరిసరాలలో గుడిసెలు వేసుకొని ఉంటున్నారు. ఒక మిత్రుని వెంట మేము అక్కడికి పోయాము. వారి భాష మాకు తెలియదు. అది చిట్టగాంగు వైపు మాటలకు దగ్గరగా ఉంటుంది. దానికి సొంత లిపిగా హనీఫీ లిపి 1980లలో రూపొంది, 2018లో కంప్యూటరు అక్షరాల ప్రమాణమైన యూనికోడులో చేరింది. పెద్దలు మదరసాలలో నేర్చిన ఉర్దూలో మాతో మాట్లాడారు. పిల్లలు మాత్రం స్వచ్ఛమైన హైదరాబాదీ యాసలో మాట్లాడి మమ్ములను ఆశ్చర్యపరిచారు. పదేండ్ల బాలుడు ఒకడు మేము తెలుగు పంతులమని తెలిసి, బడిలో నేర్చిన తెలుగు గుణింతాన్ని తప్పు లేకుండా అప్పజెప్పాడు. "మీ ఊరు ఏది?" అని అలవాటు కొద్దీ అడిగాము. బాలుడు తల్లి వైపు చూశాడు. తల్లి నేల వైపు చూసింది. నానీ కాలితో గీత గీచిన నేల మాకు జ్ఞప్తికి వచ్చింది. ఆమెకు కనీసం గీత గీచుకొనే నేల మిగిలింది.

ఇక్కడ విద్యార్థులు తెలిసికొనవలసిన న్యాయసూత్రాలు కొన్ని ఉన్నాయి. 1948 నాటి సార్వజనిక మానవహక్కుల ప్రకటన 14వ అధికరణం పీడన నుండి పారిపోయిన ప్రతి మనిషికీ అన్య దేశంలో ఆశ్రయం కోరే హక్కు కలదని చెబుతుంది. 1951 నాటి శరణార్థుల ఒడంబడిక ప్రకారం జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయాభిప్రాయం అన్న కారణాలతో పీడనకు జడిసి దేశం దాటినవాడు శరణార్థి. ఆ ఒడంబడికపై గాని, 1967 నాటి అనుబంధంపై గాని మన దేశం సంతకం చేయలేదు. శరణార్థులకై ప్రత్యేకమైన చట్టమూ మనకు లేదు. అయినప్పటికీ టిబెటన్లకు, శ్రీలంక తమిళులకు, 1971లో తూర్పు బెంగాలు నుండి వచ్చిన సుమారు కోటిమందికి ఈ నేల ఆశ్రయమిచ్చింది. మన తెలంగాణలోనే కాగజ్‌నగరు ప్రాంతాన బెంగాలీ శరణార్థుల గ్రామాలున్నాయి. 1996లో అరుణాచల ప్రదేశ్‌లోని చక్మాల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, పౌరుడైనా కాకున్నా ప్రతి మనిషి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ కాపాడవలసిన బాధ్యత రాజ్యానిదని స్పష్టం చేసింది. రాజ్యాంగం 21వ అధికరణంలో ఉన్నది "వ్యక్తి" అన్న మాట. "పౌరుడు" అన్న మాట కాదు. భాష చదివినవానికి ఈ ఒక్క పదభేదం చాలు, దాని విలువ గ్రహించడానికి.

సరిహద్దు దాటక స్వదేశంలోనే ఊరు కోల్పోయినవారిని ఈ ఒడంబడిక శరణార్థులుగా ఎంచదు. వారి కొరకు 1998లో ఐక్యరాజ్యసమితి కొన్ని మార్గదర్శక సూత్రాలు ఏర్పరచింది. 2024 చివరి నాటికి ప్రపంచంలో బలవంతంగా ఇల్లు విడిచినవారు 12 కోట్లకు పైగా ఉన్నారని శరణార్థుల సంస్థ లెక్క. వారిలో సగానికి పైగా స్వదేశంలోనే నిరాశ్రయులైనవారు. ఈ లెక్క ప్రధానంగా యుద్ధాలవల్ల, పీడనవల్ల చెదరినవారిది. ఆనకట్టల క్రింద మునిగిన మా నానీవంటివారు ఇందులో కూడా చేరరు.

ఇంతవరకు చదివినవారికి రెండు సందేహాలు కలుగవచ్చు. మా విద్యార్థులే వాటిని మమ్ములను నేరుగా అడిగారు. మొదటిది: "మన పాలమూరులోనే ఇన్ని బాధలుండగా బయటివారి గురించి ఎందుకు సార్?" రెండవది మరింత సూటిగా: "మీరు ముస్లిములు కనుక రోహింగ్యాల మాట ఎత్తుతున్నారు కదా?" ఈ ప్రశ్నలను మేము తప్పుగా తలంచలేదు. మనస్సులో దాచుకొన్న సందేహంకన్న బయటపెట్టిన సందేహం మేలు. రెండవదానికి సమాధానం మా వసారాయే చెబుతుంది. అక్కడికి కాగితాలు తెచ్చేవారిలో పదింట తొమ్మిదిమంది హిందువులు. మేము మొట్టమొదట విన్నపం వ్రాసింది ఒక బెస్తవాని కొరకు. సేత్వారు చదవడానికి ముందు అతని కులమూ మతమూ అడిగి ఉంటే, బాలాపూరు పోయి మాట్లాడే అర్హత మాకు ఉండేది కాదు. మొదటి ప్రశ్నకు సమాధానం కొంచెం కష్టం. వనరులు పరిమితమన్నది నిజం. శాంతిభద్రతల విషయంలో ప్రభుత్వానికి గల బాధ్యతను ఎవరూ కాదనలేరు. వచ్చినవారు ఎవరో విచారించి నమోదు చేసికొనడం ఆవశ్యకమే. కాని విచారణ వేరు, వెలి వేరు. ఇంటివాని బాధను నిజంగా ఎరిగినవాడు పొరుగువాని బాధను గుర్తుపట్టకుండా ఉండలేడు. మా అనుభవంలో పొరుగువారి బాధను కొట్టివేసేవారు ఇంటివారి అర్జీలను కూడా అంత శ్రద్ధగా చదివింది లేదు.

ముంపు కథ మన ప్రాంతంలో ముగిసిపోలేదు. ఏ నీటి క్రింద మా నానీ ఊరు ఉన్నదో ఆ నీటినే నేడు కొల్లాపూరు వద్ద ఎల్లూరు నుండి కల్వకుర్తి ఎత్తిపోతల పథకం పైకి తోడుతున్నది. ఎండిన చేలు పచ్చబడడం మేము కళ్లారా చూశాము. 2015లో శంకుస్థాపన జరిగిన పాలమూరు–రంగారెడ్డి పథకంలో నార్లాపూర్, ఏదుల, వట్టెం వంటి జలాశయాలు కట్టారు. నీరు కావాలి. పాలమూరుకు నీరు ఎంత అవసరమో, దేశమంతటా ఆనకట్టలు కట్టడానికి కూలికి పోయిన పాలమూరు మట్టిపనివారికంటె ఎక్కువగా ఎవరికి తెలుసును? అయితే నీరు పారే చేను ఒకరిది, మునిగే ఇల్లు మరొకరిది అయినప్పుడు, మొదటివాడు రెండవవానికి ఋణపడి ఉంటాడు. 2014 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన 2013 నాటి భూసేకరణ చట్టం నష్టపరిహారంతో పాటు పునరావాసాన్ని కూడా హక్కుగా చెప్పింది. మా నానీ తరానికి లేని ఆయుధమిది. దానిని చదివి, జనానికి అర్థమయ్యే తెలుగులో చెప్పేవారు కావాలి.

అటువంటివారు మన కళాశాలలోనే ఉన్నారు. ఇక్కడ ఒకే కప్పు క్రింద ఉర్దూ విభాగమూ తెలుగు విభాగమూ ఉన్నాయి. ఉర్దూ చదివే విద్యార్థి పాత పహాణీలోని గొలుసుకట్టును విప్పగలడు. తెలుగు చదివే విద్యార్థి ఆ సంగతిని అధికారికి అందేలా విన్నపంగా వ్రాయగలడు. ఇద్దరూ ప్రక్క ప్రక్కన కూర్చుంటే ఒక కుటుంబం పేరు జాబితాలోకి ఎక్కుతుంది. అర్జీ వ్రాసినప్పుడు తేదీ వేయడం, నకలు దాచుకొనడం, రసీదు అడిగి తీసికొనడం, పేరును అన్ని కాగితాలలో ఒకే విధంగా వ్రాయించడం, పెద్దలు చెప్పే ఊరి గుర్తులను వారు జీవించి ఉండగానే వ్రాసి పెట్టడం – ఇవేవీ గొప్ప పనులు కావు. కాని ఊరు పోయినవానికి చివరకు మిగిలేవి ఇవే.

మా నానీ గతించి ఆరేండ్లు అయింది. ఆ ద్వారబంధం కాలనీ ఇంట్లో ఇప్పటికీ ఉన్నది, మా మేనమామగారు కొత్త ఇల్లు కట్టేటప్పుడు దానిని భూమి నుండి పెకలించి పూర్తి ఎత్తున నిలపాలని నిశ్చయించారు. ఇక మా వసారాలో ఇప్పుడు ఆదివారాలు మేము ఒక్కరమే కూర్చుండడం లేదు. ద్వితీయ సంవత్సరం విద్యార్థులు నలుగురు, ఇద్దరు ఉర్దూవారు, ఇద్దరు తెలుగువారు, ఉదయం పది గంటలకు వస్తున్నారు. గత వారం ఏదుల వైపు నుండి వచ్చిన ఒక తల్లి కాగితాలను వారే చదివి, వారే వ్రాశారు. మేము చివర ఒక్క అక్షరం మాత్రం దిద్దాము. ఇంకా రెండు బల్లలకు చోటున్నది. రాదలచినవారు పెన్ను తెచ్చుకొంటే చాలు.